కచేరీ చేయగలను కాని, తరగతిలో గీతం నేర్పలేకపోతున్నాను

ప్రశ్న: నేను కర్ణాటక గాత్రంలో సర్టిఫికెట్, డిప్లొమా పూర్తి చేసి, ఇప్పుడు సంగీత ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నాను. పక్కవాద్యాలతో గంటసేపు కచేరీ చేసిన అనుభవం ఉంది. ఈమధ్య బోధనాభ్యాసం కోసం మమ్మల్ని ఒక ఉన్నత పాఠశాలకు పంపారు. ఆరో తరగతిలో నలభై మంది పిల్లలకు మలహరి రాగంలోని గీతం (తొలి పాఠాల్లో వచ్చే చిన్న పాట) నేర్పబోయి బాగా తడబడ్డాను. నేను ఒకటో శ్రుతిలో (హార్మోనియం 'సి' మీటను షడ్జంగా పెట్టుకుని) పాడతాను. అది పిల్లలకు కుదరలేదు. తాళం వేస్తూ పాడుతుంటే వాళ్ళ తప్పులు నాకు వినబడలేదు. అక్కడున్న హార్మోనియం వాయించడం నాకు రాదు. పర్యవేక్షకులు నా నివేదికలో 'ప్రదర్శన నైపుణ్యం పెంచుకోవాలి' అని రాశారు. అంటే నేను ఇంకా కచేరీ సాధన చేయాలా? మా శిక్షణలో రోజులో ఎక్కువ భాగం లక్షణానికి (సంగీత సిద్ధాంతానికి), పాఠ్య ప్రణాళికలు రాయడానికే సరిపోతున్నది. పాడుకునే సమయం దొరకడం లేదు. దారి చెప్పగలరు.
— ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: మీ పర్యవేక్షకులు సరైన లోపాన్నే పట్టుకున్నారు. అయితే దానికి విరుగుడు కచేరీ సాధనలో దొరకదు. కచేరీలో పాడేవారు ఎత్తుకున్న కృతిని ఎక్కడా ఆగకుండా చివరిదాకా నడిపించాలి. తరగతిలో పాడేవారు ఏ అక్షరం దగ్గరైనా ఆగగలగాలి, ఆగిన తర్వాత తమకు అనువైన చోటి నుంచి కాక పిల్లవాడు తప్పిన చోటి నుంచే మళ్ళీ అందుకోగలగాలి. కచేరీలో శ్రుతి మీ గొంతును బట్టి పెట్టుకుంటారు, తరగతిలో అది పిల్లల గొంతును బట్టి ఉంటుంది. కచేరీలో ఎదుటివారు వింటారు. ఇక్కడ ఎదుటివారు పాడతారు, వినవలసింది మీరు. ఇన్నేళ్ళ మీ చదువులో ఎవరూ మీ చేత సాధన చేయించని విద్య ఇది. దీన్ని కచేరీ విద్యకు పలచబడ్డ రూపంగా భావించి, పెద్ద కృతులు వచ్చినవారికి గీతం ఒక లెక్కా అనుకోవడం మన శిక్షణలో పాతుకుపోయిన పొరపాటని నా అభిప్రాయం.

ముందుగా శ్రుతి సంగతి చూద్దాం, ఎందుకంటే మీ మొదటి పాఠం అక్కడే చెడింది. ఆరో తరగతి వయసులో ఆడపిల్లల గొంతూ మగపిల్లల గొంతూ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. సాధారణంగా ఐదు నుంచి ఆరు మధ్య శ్రుతి వాళ్ళకు హాయిగా ఉంటుంది. మీరు ఒకటిలో షడ్జం పట్టగానే కొందరు ఒక స్థాయి పైన అందుకుని, పంచమం దాటేసరికి అరవడం మొదలుపెడతారు. మరికొందరు మీ స్థాయిలోనే పాడాలని గొంతు అణచుకుని గొణుగుతారు. ఇద్దరికీ శ్రుతి కలవదు. మీరు దాన్ని పిల్లలకు శ్రుతిజ్ఞానం లేకపోవడంగా అనుకునే ప్రమాదం కూడా ఉంది.

ఒకటో శ్రుతిలో పాడే మీకు ఐదో శ్రుతి షడ్జమంటే మీ సొంత పంచమమే. అక్కడ షడ్జం నిలిపి పాడితే, పిల్లల పంచమం మీ తారస్థాయి రిషభం దగ్గర ఉంటుంది, అక్కడిదాకా మీ గొంతు పలుకుతుంది. కాని పిల్లల తారషడ్జం మీ తారస్థాయి పంచమం అవుతుంది. చాలామంది మగగొంతులకు అది నిలకడగా అందేది కాదు. అందుకే వాళ్ళ షడ్జాన్ని మొదట వాళ్ళ స్థాయిలోనే పాడి వినిపించి, పూర్వాంగంలో (స నుంచి మ దాకా) సంచరించే పాఠాన్ని అక్కడే నేర్పి, పాట ఉత్తరాంగంలోకి (ప నుంచి పై స దాకా) వెళ్ళినప్పుడు మీరు ఒక స్థాయి కిందికి, అంటే మీ మంద్ర పంచమాన్ని షడ్జంగా చేసుకుని పాడాలి. ఈ దిగడం ఆవర్తం (తాళం ఒక చుట్టు) మధ్యలో జరగకూడదు. ఆవర్తం మొదట్లో, పిల్లలకు ముందే చెప్పి జరగాలి. లేకపోతే వాళ్ళూ మీతోపాటు కిందికి దూకుతారు. శ్రుతిపెట్టెను ఐదులో పెట్టుకుని సరళీ స్వరాలు ఒక వరుస పై స్థాయిలో, వెంటనే అదే వరుస కింది స్థాయిలో, మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి తప్ప మరేమీ లేకుండా రోజూ ఒక పావుగంట పాడండి. మొదట్లో ఇది వింతగా, కొంచెం అవమానంగా కూడా ఉంటుంది, ఎందుకంటే మీ గొంతు అందంగా వినబడే చోటు అది కాదు. పిల్లల్లో ఒకరిద్దరికి శ్రుతి త్వరగా పట్టుబడుతుంది. వాళ్ళను గుర్తించి, వాళ్ళ చేత పై స్థాయిలో పాడించి మిగతా పిల్లలకు వినిపించడం కూడా గురువు నేర్పులో భాగమే.

ఐదా, ఐదున్నరా, ఆరా అన్నది పుస్తకం చూసి నిర్ణయించకండి. తరగతిలోకి వెళ్ళగానే పిల్లలకు ముందే వచ్చిన పాట ఏదైనా, శ్రుతి ఇవ్వకుండా పాడమనండి. నాలుగు పంక్తులు గడిచేసరికి గుంపు మొత్తం ఒక చోట కుదురుకుంటుంది. ఆ చోటును చెవితో పట్టుకుని శ్రుతిపెట్టె అక్కడ పెట్టాలి. పాఠశాలలో సంగీతం టీచరుకు మొదట అప్పగించే పని ప్రార్థన, జాతీయ గీతం గనుక ఈ చెవి అక్కడా అక్కరకు వస్తుంది. పూర్తిగా పాడితే సుమారు 52 సెకన్లు పట్టే జాతీయ గీతంలో మొదలు తేలికగానే ఉంటుంది. చివర వచ్చే 'జయహే జయహే జయహే'లో మొదటిదాని దగ్గర తారషడ్జం దాకా వెళ్ళాలి కాబట్టి, ఎవరో ఎత్తుగా ఎత్తుకున్న రోజున పాఠశాల మొత్తం అక్కడ కేకలు పెట్టడం మనందరం విన్నదే.

ఇక మలహరి గీతం. మీరు దాన్ని చిన్నప్పుడే నేర్చుకుని ఉంటారు, తడుముకోకుండా పాడగలరు కూడా. కాని దాన్ని నేర్పడానికి సిద్ధపడి వెళ్ళారా అన్నది నా సందేహం. మలహరి పదిహేనో మేళమైన (మూల రాగమైన) మాయామాళవగౌళలో జన్యం, అంటే దాని నుంచి పుట్టిన రాగం. ఆరోహణలో గాంధారం, నిషాదం లేవు. అవరోహణలో గాంధారం ఉంది, నిషాదం లేదు. పిల్లలేమో అప్పటిదాకా సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అన్నీ మాయామాళవగౌళలోనే పాడి వచ్చారు. వాళ్ళ గొంతుకు 'రి' తరవాత 'గ' రావడం అలవాటైపోయింది. అందుకని 'శ్రీ గణనాథ' గీతంలో 'కరుణాసాగర' అన్న చోట 'రి మ ప ధ మ ప' రావలసి ఉండగా, రిషభం నుంచి మధ్యమానికి వెళ్ళే దారిలో గాంధారం దానంతటదే వచ్చి చేరుతుంది. 'లంబోదర' ఎత్తుకునే 'స రి మ' దగ్గరా ఇదే జరుగుతుంది. మొదటి ఆవర్తంలో 'ధ స' దగ్గర కొందరు నిషాదాన్ని తాకి వెళ్తారు. నలభై గొంతుల మధ్య ఇది స్పష్టమైన తప్పుగా వినబడదు, రాగం ఏదో మసకబారినట్టు మాత్రమే ఉంటుంది. మీకు తప్పులు వినబడలేదని రాశారు కదా, ఏ తప్పు ఎక్కడ వస్తుందో ముందే తెలిసి ఉంటేనే అది ఆ గుంపులో వినబడుతుంది.

కాబట్టి పాఠానికి ముందు ఆ గీతాన్ని ఆవర్తాలుగా విడగొట్టుకోండి. చతురశ్రజాతి రూపకం, ఆవర్తానికి ఆరు అక్షరాలు. ఒక సహాధ్యాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అతడు 'మూడు' అనగానే మూడో ఆవర్తాన్ని, 'ఏడు' అనగానే ఏడో ఆవర్తాన్ని, ముందు స్వరం, తరవాత సాహిత్యం, తడుముకోకుండా ఎత్తుకోగలగాలి. మొదటి నుంచి పాడుకుంటూ వస్తే తప్ప మధ్యలోది గుర్తుకు రాని పరిస్థితి మనలో చాలామందికి ఉంటుంది. కచేరీలో అది బయటపడదు, తరగతిలో మొదటి పది నిమిషాల్లోనే బయటపడుతుంది. ఆ తర్వాత తప్పును కావాలని పాడండి. 'రి గ మ ప' అని ఒకసారి, 'రి మ ప' అని ఒకసారి, వెంటవెంటనే. పిల్లవాడి తప్పును ఉన్నదున్నట్టు పాడి చూపించి, పక్కనే ఒప్పును పాడి వినిపించగలిగితే, 'అది కాదు, ఇలా' అని పదిసార్లు చెప్పవలసిన అవసరం ఉండదు. చివరగా మీ సహాధ్యాయి గీతాన్ని పాడుతూ తనకు తోచిన చోట ఒక తప్పు స్వరం కలపాలి. మీరు తాళం ఆపకుండా అది ఏ ఆవర్తంలో, ఏ అక్షరం మీద వచ్చిందో చెప్పాలి. ఒకరు తప్పు కలిపితే పట్టుకోవడం సులువు, ముగ్గురు పాడుతుండగా ఒక్కరే తప్పితే కష్టం. అక్కడిదాకా వెళ్ళండి.

తరగతిలో మీరు చేస్తుండగల మరొక పొరపాటు గురించి కూడా చెబుతాను, శిక్షణలో ఉన్న దాదాపు అందరిలోనూ ఇది కనిపిస్తుంది. పిల్లలు పాడుతున్నప్పుడు వాళ్ళతోపాటు తామూ పెద్దగొంతుతో పాడతారు. గది నిండా పాట ఉంటుంది, అందరికీ వచ్చేసినట్టే అనిపిస్తుంది. నిజానికి గురువు గొంతు పిల్లల తప్పులన్నిటినీ కప్పేస్తున్నది. ఒక ఆవర్తం మీరు, ఒక ఆవర్తం పిల్లలు. వాళ్ళ వంతులో మీ నోరు పూర్తిగా మూతపడాలి, చేయి మాత్రం తాళం వేస్తూ ఉండాలి. అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు ఇంటర్నెట్ ద్వారా సంగీతం చెప్పేవారికి ఈ క్రమశిక్షణ బలవంతంగా అలవాటైంది, ఎందుకంటే మాట చేరడంలో ఉండే ఆలస్యం వల్ల అక్కడ ఇద్దరూ కలిసి పాడడం అసలు కుదరదు. గురువు పాడి ఆగాలి, శిష్యుడు పాడాలి, గురువు వినాలి. ఎదురుగా పిల్లలు ఉన్నప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించడం మేలు.

తాళం విషయంలో మీ చేతిని మీకోసం కాక వెనక వరుసలో కూర్చున్న పిల్లవాడి కోసం వేయడం నేర్చుకోవాలి. తొడ మీద మెల్లగా వేసే తాళం వాడికి కనబడదు. చేతిని గుండె ఎత్తులో ఉంచి, లఘువులో (దెబ్బ తర్వాత వేళ్ళు లెక్కపెట్టే తాళ భాగంలో) వేళ్ళ లెక్క విడివిడిగా కనిపించేటట్టు వేయాలి. దీనికన్నా కష్టమైనది, తాళం నడుస్తుండగా మాట్లాడగలగడం. ఆదితాళం మొదలుపెట్టి, ఆపకుండా, 'కిటికీ పక్కవాళ్ళు మళ్ళీ పాడండి, పంచమం ఇంకా పైకి' అన్నంత మాట చెప్పి, సరిగ్గా ఎడుపు (తాళంలో పాట ఎత్తుకునే చోటు) దగ్గర పాట అందుకోవడం సాధన చేయండి. మొదట్లో మాట మొదలవగానే చేయి ఆగిపోతుంది, లేదా లయ జారిపోతుంది. సప్తతాళ అలంకారాలను మూడు కాలాల్లో పాడే పాత సాధనకు ఈ మాటలు కలుపుకుంటే చాలు, వేరే అభ్యాసం అక్కర్లేదు. పిల్లలు గుంపుగా పాడినప్పుడు వేగం పెంచుకుంటూ పోతారు, గురువు చేయి తెలియకుండానే వాళ్ళ వెంట పరుగెడుతుంది. అందుకని మీ సహాధ్యాయిని కావాలని పరుగెత్తమని చెప్పి, మీరు మీ కాలంలోనే నిలబడి చూడండి.

హార్మోనియం గురించి ఎక్కువ బెంగ పెట్టుకోకండి. పాఠశాలల్లో సాధారణంగా దొరికే వాద్యం అదే కాబట్టి శ్రుతి పట్టుకోవడం, సరళీ జంటలు, గీతాలు, ప్రార్థన పాటలు వాయించడం వరకు వస్తే మీ అవసరం తీరుతుంది. కొన్ని నెలల్లో అది అబ్బుతుంది. ఏ మీటనైనా షడ్జంగా పెట్టుకుని మాయామాళవగౌళ, శంకరాభరణం, మోహనం వాయించగలగడం మీ గురి కావాలి, ఎందుకంటే పిల్లల శ్రుతి తరగతికో రకంగా ఉంటుంది. అంతకు మించి దాని మీద ఆధారపడకూడదు. తోడి గాంధారాన్ని ఏ మీట నొక్కీ చూపించలేరు, ఆ కంపితం (స్వరాన్ని ఊపి పలికే తీరు) గొంతులోనే ఉంది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించి మూడు దశాబ్దాల పాటు దూరంగా ఉంచింది. ఆ నిషేధం అతి అనిపించినా, దాని వెనక ఉన్న అభ్యంతరం మన రాగాల విషయంలో పూర్తిగా కొట్టిపారేయదగింది కాదు.

మీరు అడిగిన అసలు ప్రశ్న కచేరీ సాధన కొనసాగించాలా అన్నది. తప్పక కొనసాగించాలి, కాని దాని ఉపయోగం మీరు అనుకుంటున్న చోట లేదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వేంకటస్వామి నాయుడు 1936లో ఆ పదవికి వచ్చారు. ఇద్దరూ వేదిక మీద పేరు పొందినవారు, నేర్పడంలోనూ అంతే పేరు పొందినవారు. 1931లో మద్రాసు సంగీత అకాడమీ ప్రత్యేకంగా సంగీత ఉపాధ్యాయుల కోసమే ఒక కళాశాల పెట్టినప్పుడు దాని బాధ్యత టైగర్ వరదాచారికి అప్పగించింది. ఆయన గాత్రం మాధుర్యానికి పేరుపడ్డది కాదు. ఆయన ప్రతిష్ఠ అంతా మనోధర్మం (అప్పటికప్పుడు కల్పించి పాడే విద్య) మీద నిలిచింది. గురువులను తయారుచేసే పనికి అటువంటి విద్వాంసుణ్ణి ఎంచుకోవడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. ఎందుకో మీ మలహరి పాఠంతోనే చెప్పవచ్చు. పిల్లలకు రిషభం నుంచి మధ్యమానికి దూకడం రావడం లేదనుకోండి. అదే ఆవర్తాన్ని ఇరవై సార్లు పాడించడం ఒక పద్ధతి. 'స రి మ, రి మ ప, స రి మ ప, ప మ గ రి స' అని రాగ లక్షణం చెడకుండా అప్పటికప్పుడు ఒక చిన్న వరుస కట్టి, రెండు నిమిషాలు పాడించి, తిరిగి గీతంలోకి రావడం మరో పద్ధతి. రెండోది కల్పనస్వరం (రాగంలో స్వరాల వరుసలు అప్పటికప్పుడు కట్టి పాడడం) వచ్చినవారికే సాధ్యం. మీ కచేరీ విద్య తరగతిలో పనికివచ్చేది ఇక్కడ. అందుకని రోజూ ఒక వర్ణం రెండు కాలాల్లో పాడడం మానకండి. దాంతోపాటు మలహరి, మోహనం, బిలహరి వంటి తొలి పాఠాల రాగాల్లో, ఐదారు అక్షరాలకు మించని చిన్నచిన్న స్వరాల వరుసలు కల్పించే అభ్యాసం చేయండి. పెద్ద రాగాల్లో కల్పనస్వరం వేయగలవారు కూడా మలహరిలో నాలుగు స్వరాలు వేయమంటే ఒక్క క్షణం ఆగిపోతారు.

సమయం లేదన్న మీ మాట నిజమే. శిక్షణ వ్యవస్థను మీరొక్కరే మార్చలేరు, ఉన్న గంటల్లోనే గొంతు తెరిచే వీలు చూసుకోవాలి. మేళకర్తల పాఠం జరుగుతుంటే ఇరవై ఎనిమిదో మేళం హరికాంభోజికీ ఇరవై తొమ్మిదో మేళం శంకరాభరణానికీ నిషాదంలో తప్ప తేడా లేదని రాసుకోవడంతో ఆగకండి. ఒకే శ్రుతిలో రెండిటి ఉత్తరాంగాలు వెంటవెంటనే పాడి, తోటివారిని ఏది ఏదో చెప్పమనండి. మీ అధ్యాపకులు దీన్ని కాదనరు, చాలామంది సంతోషిస్తారు. పాఠ్య ప్రణాళికల సంగతికి వస్తే, నేను చూసిన వాటిలో 'విద్యార్థులలో సౌందర్యాభిరుచిని పెంపొందించుట' వంటి వాక్యాలు పేజీ నిండా ఉండి, గీతం గురించి ఒక్క పంక్తి ఉంటుంది. నిర్దేశించిన శీర్షికలు ఎలాగూ నింపాలి గనుక నింపండి. కాని బోధన దశల కింద ఆ రోజు నేర్పబోయే ఆవర్తాల స్వరాలు రాసి, పిల్లలు ఊపిరి తీసుకునే చోటు, గాంధారం జొరబడే చోటు, మీరు స్థాయి మార్చే చోటు గుర్తులు పెట్టండి. అప్పుడు ప్రణాళిక రాయడం కూడా సాధనలో భాగమవుతుంది. నలుగురు సహాధ్యాయులు కలిసి వారానికి రెండు సాయంత్రాలు వంతులవారీగా గురువుగా, పిల్లలుగా కూర్చుంటే పైన చెప్పిన అభ్యాసాలన్నీ అందులోనే జరిగిపోతాయి. ఆ నలుగురిలో ఒక అమ్మాయి ఉండేటట్టు చూసుకోండి. పిల్లల స్థాయిలో పాడే గొంతు ఎదురుగా ఉంటే మీ శ్రుతి సాధనకు చాలా మేలు.

తరవాతి బోధనాభ్యాసానికి గీతం మొత్తం నేర్పే సంకల్పం పెట్టుకోకండి. తరగతి ఉపాధ్యాయుల అనుమతి తీసుకుని, ఫోన్‌ను రికార్డింగులో పెట్టి వెనక బల్ల మీద ఉంచి మొదలుపెట్టండి. పిల్లల పాట విని శ్రుతి పెట్టండి, 'స రి మ' వరుసలు ఒక ఐదు నిమిషాలు పాడించండి, 'కరుణాసాగర' ఉన్న ఒక్క పంక్తిని మీరొకసారి, వాళ్ళొకసారిగా నేర్పండి, ముందు స్వరం, తర్వాత సాహిత్యం. చివరి పది నిమిషాలు వరుసల వారీగా పాడించి వినండి. ఇంటికి వెళ్ళి ఆ రికార్డింగు విన్నప్పుడు మీ గొంతు ఎలా ఉందన్నది పట్టించుకోకుండా, పిల్లలు పాడుతున్నప్పుడు మీరు ఎన్నిచోట్ల గొంతు కలిపారో, ఎన్ని తప్పులు మీ చెవి దాటిపోయాయో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని మీ పర్యవేక్షకులకు చూపించి, ఆ తర్వాతి పాఠానికి వారిని వెనక వరుసలో కూర్చుని వినమని అడగండి.